తెల్లబండలో నల్లరాయి

కొండాపూర్ చుట్టుపక్కల వడ్డెర మొగిలి సుత్తె తగలని బండ లేదంటే కోతలనుకునేరు, కాదు. ఆ నేలలో మట్టికంటే రాయే ఎక్కువ. గచ్చిబౌలి దాకా నడవండి, కాలికింద తెల్లబండ, కంటిముందు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న గుండ్లు. అలాంటి చోట వడ్డెర ఇంట పుట్టినవాడికి రాయే కూడు పెట్టాలి, రాయే పాడె కట్టాలి. మూడో దారి లేదు.

మొగిలి పొట్టి మనిషి, గట్టి మనిషి. మాట పొదుపు. అతనికి పేరు తెచ్చింది చేతులు కాదు, చెవి. సుత్తెతో బండను ఒక్కటి కొట్టి తల పక్కకు వంచి వినేవాడు. ఖంగుమంటే బండ ఏకాండం, నమ్మొచ్చు. పగిలిన కుండలా బోలుగా పలికితే లోపలెక్కడో విడిపోయింది, దాని నీడన కూడా కూర్చోవద్దు. "పలికింది" అని మొగిలి నోటినుంచి వస్తేనే మగవాళ్లు గడ్డపారలు, ఆడవాళ్లు గంపలు ఎత్తేవాళ్లు. ఆ మాట రాకపోతే పటేలు కాదు కదా, పటేలు తాత దిగివచ్చి చెప్పినా కదిలేవాళ్లు కాదు.

అతనికి ఒక తమ్ముడు, వీరేశం. కలరా ఊడ్చుకుపోయిన ఏడు తల్లీ తండ్రీ ఒకరి వెనుక ఒకరు పోతే, పాలు మరవని ఆ పసివాణ్ని మొగిలే భుజాన వేసుకుని పెంచాడు. కాపురానికి వచ్చిన చంద్రమ్మ, "నొప్పులు పడకుంటనే నాకు కొడుకు దొరికిండు" అని నవ్వింది. తర్వాత ఆమెకు పిల్లలు పుట్టలేదు. మొక్కని దేవుడు లేడు. చివరికి ఆలుమగలిద్దరూ తమ పంచప్రాణాలూ ఆ ఒక్కడి మీదే పెట్టుకున్నారు. వాడేమో అన్న ఎంత నిదానమో అంత దూకుడు. నడిస్తే ఉరికినట్టుండేది, నవ్వితే ఊరంతా వినపడేది.

వాళ్ల పనిలో ఒక కట్టుబాటు ఉంది, అది చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. బావిలో మాట నిలవదు. పైనుంచి పిలిస్తే ముద్దముద్దగా దిగుతుంది, కిందినుంచి అరిస్తే గోడలకు తగిలి చెదిరిపోతుంది. అందుకని పైనున్న ఆడమనిషి పేరు పెట్టి పిలవగానే కిందున్నవాడు చేతిలో ఏముంటే దానితో పక్కనున్న రాతిని ఒక్క దెబ్బ కొట్టాలి. ఉన్నాను, ప్రాణంతోనే ఉన్నాను అని దానర్థం. దెబ్బ వినపడకపోతే ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ బావి చుట్టూ చేరేవాళ్లు. వీరేశానికి ఈ అలవాటు ఎముకల్లోకి దిగింది. నిద్రలో ఉన్నప్పుడు వదిన పిలిచినా మంచంకోడు మీద పిడికిలితో ఒకటి కొట్టి, మళ్లీ గురక అందుకునేవాడు. "వీనికి దేవుడు నోరు దండుగకు ఇచ్చిండు" అనేది చంద్రమ్మ.

నలభై ఎనిమిది ఎండాకాలం వచ్చింది. అబ్బ, ఏం కాలమది! వానలు ముందు ఏడే మొహం చాటేశాయి. దానికి తోడు రజాకార్ల భయం. పొద్దుగూకితే తలుపులు బిడాయించుకోవడమే, కుక్క మొరిగితే ఇంటిల్లిపాదికీ గుండె గుభేలుమనడమే. కొందరు ఉన్నపళంగా మూటలు కట్టుకుని సరిహద్దు దాటి పోయారు. పోలేనివాళ్లు రేపేమవుతుందో తెలియక, అడిగితే చెప్పేవాడూ లేక, తలలు వంచుకుని పనులు చేసుకుంటున్నారు.

ఆ రోజుల్లో లింగమూర్తి పటేలు మోటబావి అడుగంటింది. ఆయన తోటలో నిమ్మచెట్లు ఆకు రాల్చేశాయి. కాలు కాలిన పిల్లిలా బావి చుట్టూ తిరిగి తిరిగి, చివరికి మొగిలికి కబురు పెట్టాడు.

"ఇంకింత లోతుకు తియ్యాలెరా మొగిలీ. నీళ్లు పడకుంటే నా తోట మొత్తం పొయ్యిల కట్టెలే."

మొగిలి దిగి చూశాడు. చుట్టూ తెల్లబండ. తూర్పు వైపు మాత్రం నల్లరాయి, మూరెడు మందాన, నిట్టనిలువుగా, ఎవరో తెచ్చి తెల్లబండ నడుమ నిలబెట్టిన తలుపులా ఉంది. దాని వెనుక మళ్లీ తెల్లబండే. సుత్తెతో నల్లరాతిని కొట్టాడు. ఠక్కుమని పొట్టిగా పలికి ఆగిపోయింది. మొగిలికి ఆ పలుకు నచ్చలేదు.

"ఇది నోరు విప్పుతలేదు పటేలా. మూగరాయి."

"మూగదో చెవిటిదో, నాకు నీళ్లు గావాలె" అన్నాడు లింగమూర్తి. ఆయనకు రాతితో పనేముంది? నోరుంది, పొలముంది, అంతే.

పని మొదలు కాకముందే ఊళ్లోకి రామచంద్రం అని సర్కారు సర్వే ఉద్యోగి ఒకాయన ఎడ్లబండి మీద వచ్చాడు. నేలలో ఏ రాయి ఎక్కడుందో చూసి పటం గీయడం ఆయన పని. మంచి మనిషి, పొగరు లేదు. బావి అంచున కూర్చుని చంద్రమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు. తర్వాత తెల్లరాతి ముక్క ఒకటి, నల్లరాతి ముక్క ఒకటి పగలగొట్టి, భూతద్దంతో పాటు మొగిలి చేతికిచ్చాడు.

"చూడు. తెల్లదాంట్ల ఏం కనపడుతున్నది?"

"గల్లుప్పు లెక్క గుండ్లు గుండ్లు, సాబ్. నడుమ ఎర్రటి పలుకులు. నల్లగ మెరిసే రేకులు."

"నల్లదాంట్ల?"

మొగిలి ఎంతసేపు చూసినా ఒక్క పలుకు విడిగా దొరకలేదు. కాల్చి చల్లార్చిన ఇనుపముద్దలా అంతా ఒకటే నలుపు. చేతిలో బరువు మాత్రం ఎక్కువ.

రామచంద్రం నవ్వాడు. "రెండింటికీ తల్లి ఒక్కతే మొగిలీ, నిప్పు. భూమి కడుపుల రెండూ పాకం లెక్క మరిగినవే. పెంపకమే వేరు. తెల్లది చానా లోతుల, బయటి గాలి తగలకుండ, యుగాలకు యుగాలు మెల్లగ చల్లారింది. పటికబెల్లం ఎట్ల చేస్తరు? పాకాన్ని కదపకుండ ఉంచితేనే గదా పలుకులు పెద్దగయ్యేది. ఇదీ అంతే. అది చల్లారి గట్టిపడ్డంక ఎన్నడో నేల పగిలింది. ఆ పగులుల నుంచి ఈ నల్లది కింది నుంచి పైకి ఎగదన్నింది. చుట్టూ చల్లటి బండ. టక్కున గడ్డకట్టింది. పలుకులు పెరగనీకి పురసత్ యాడిది, తీరిక యాడిది? బండను తాకిన అంచు చూడు, ఇంకా సన్నగ, గాజు లెక్క ఉంటది. అది అన్నిటికంటె ముందు చల్లారింది గనక."

"అంటే నల్లది కిరాయికి వచ్చినట్టు, సాబ్."

"కిరాయి యాడిది! ఇంటాయన పండుకున్నంక గోడ పగలగొట్టుకుని జొరబడ్డది."

అందరూ నవ్వారు. చంద్రమ్మకు నవ్వు రాలేదు. "గిప్పుడు గసొంటోళ్ల కాలమే నడుస్తున్నది" అంది మెల్లగా. ఆ మాటతో అందరి ముఖాలూ వాడిపోయాయి.

పోయే ముందు రామచంద్రం నల్లరాతి గోడను చేత్తో నిమిరాడు. "ఇసొంటి గోడ వెనుక నీళ్లు ఆగి ఉంటయి, పటేలు ఆశ తప్పు కాదు. కాని మొగిలీ, ఈ రెండూ కలిసి పుట్టినయి కావు. కలిసున్నట్టు కనపడ్తయి, అంతే. వేడికైనా దెబ్బకైనా దేని గుణం దానిదే." మొగిలి తలూపాడు. పెద్దమనిషి మాట మీద అతనికి గౌరవమే. అయితే అతుకు సంగతి తన చెవి చెప్తుందిలే అనుకున్నాడు. ఏళ్ల తరబడి మోసం చేయని చెవి అది, నమ్మకుండా ఎలా ఉంటాడు?

మామూలు రోజులైతే బండకు తమరు తొలిచి, ఆ బొక్కలో బారూదు మందు కూరి పేల్చేవాళ్లు. ఆ ఏడు ఎవరింట్లో చిటికెడు బారూదు దొరికినా ఠాణాకు ఈడ్చుకుపోతున్నారు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది వడ్డెరల పని. ఇక తాతలనాటి పద్ధతే గతి. బండ మీద తాటిమొద్దులు, పిడకలు పేర్చి మంట పెట్టాలి, బండ కాగి ఎర్రబారాక నీళ్లు కొట్టాలి. తెల్లబండ పెటపెటమని పొరలు పొరలుగా లేస్తుంది. నల్లరాతి గోడ మొదట్లోనే మంటలు పెట్టారు, నీళ్లు అటువైపే ఉన్నాయని ఆశ.

తెల్లబండ చెప్పినట్టు విన్నది. వేడికి దాని పలుకులు ఉబ్బి, ఒకదాన్నొకటి నెట్టుకుని, చేత్తో నలిపితే రాలేంతగా చితికిపోయేది. నల్లరాయి మాత్రం మసిబారిందే తప్ప బీట కూడా వారలేదు. దాన్ని చూస్తే చంద్రమ్మకు ఎందుకో ఒళ్లు జలదరించేది.

"నాకు మనసున పడ్తలేదు" అంది ఒక పొద్దున మొగిలితో. "గా రాయి మనల్ని చూస్తున్నట్టుంటది. వీరేశాన్ని దాని మొదట్ల కూసోబెట్టకు."

"రాయికి కండ్లుంటయా, నీ పిచ్చిగాని."

"కండ్లు లేకుంటే మాయె. కోపమన్న ఉంటది."

ఆ పొద్దునే మొగిలి అలవాటు ప్రకారం దిగి గోడలు కొట్టి చూశాడు. తెల్లబండ ఖంగుమంది. నల్లరాతిని కొట్టాడు. ఇదివరకు ఠక్కుమని ఊరుకున్నది, ఆరోజు మోగింది. మామూలుగా కాదు, కంచుగంటలా మోగి, ఆ మోత బావి నిండా తిరిగి, ఎంతకూ ఆగలేదు. మొగిలి మొహం విప్పారింది. ఇన్నాళ్ల మంటకు మూగరాయి నోరు విప్పిందనుకున్నాడు. మళ్లీ కొట్టి విన్నాడు. అంత నిండైన పలుకు తన జన్మలో వినలేదు.

"పలికింది" అన్నాడు. వీరేశం గడ్డపార భుజాన వేసుకుని దిగాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఆడవాళ్లు గంపలు దించి, తిండికి తోటలోకి పోయారు. వీరేశం, "గీ ఒక్క రాయి ఊడొచ్చేటట్టుంది వదినె, పీకి వస్త" అని కిందే ఉండిపోయాడు. చంద్రమ్మ మొగుడికి జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు పెట్టి, నీళ్లకుండ తేవడానికి పోయింది. మొగిలి బావికి కొంచెం ఎడంగా గుండు నీడన కూర్చున్నాడు. అక్కడొక నల్లరాతి గుండు, మేక అంత ఉంటుంది, రెండు చిన్నరాళ్ల మీద ఊరికే ఎక్కి ఉంది. మొగిలి చేతిలో సుత్తెను దాని మీదికి పడేశాడు.

గుండు గంటలా మోగింది.

రొట్టె ముక్క నోట్లోనే ఆగిపోయింది. సుత్తె తీసుకుని మళ్లీ కొట్టాడు. అదే మోత. పొద్దున బావిలో విన్నదే, ఆ కంచు గొంతే. పక్కనే మట్టిలో సగం కూరుకుపోయిన నల్లరాయి మరొకటి ఉంది, దాన్ని కొట్టాడు. ఠక్. అంతే, మూగది.

మొగిలికి పై ప్రాణాలు పైనే పోయాయి. తన చెవి తెల్లబండ దగ్గర చదువుకున్న చెవి. తెల్లబండ పట్టుకుని ఉంటే మోగుతుంది, విడిపోతే బోలుగా పలుకుతుంది. నల్లరాతి గుణం తలకిందులు. నేల గట్టిగా పట్టుకుని ఉన్నంతసేపూ అది మూగది. వదిలేస్తేనే మోగుతుంది. బావిలో రాయి నోరు విప్పలేదు. దాని వెనుక, దాని కింద, మంటకు తెల్లబండంతా పొడైపోయింది. పట్టుకునేది ఏదీ లేక ఆ గోడ ఊరికే నిలబడి ఉంది, దాని మొదట్లో తమ్ముడున్నాడు. దిగమని తనే చెప్పాడు.

రొట్టె వదిలేసి ఉరికాడు. బావి అంచున నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. పిలిస్తే? పిలిస్తే వాడేం చేస్తాడు? పక్కనున్న రాతిని కొడతాడు. వాడి పక్కనున్న రాయి అదొక్కటే.

ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా దిగడం మొదలుపెట్టాడు. బండలో చెక్కిన మెట్లు సగం దాకానే, అక్కడినుంచి నిచ్చెన. పాదం కింద ఇసుక రాలితే ఆగుతున్నాడు, ఊపిరి బిగబట్టి మళ్లీ దిగుతున్నాడు. కింద వీరేశం వీపు ఇటు పెట్టి గడ్డపారతో పీకుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. గడ్డపార కదిలినప్పుడల్లా నల్లరాతి మీదినుంచి సన్నటి మట్టి రాలుతోంది. మొగిలి పేరు తెలిసిన దేవుళ్లందరికీ మళ్లీ మొక్కాడు. 'వాణ్ని నాకియ్యి, ఇంకేమొద్దు' అని మొక్కాడు.

దగ్గరికి పోయి వెనకనుంచి వాడి నోరు మూశాడు. వీరేశం అదిరిపడి తిరిగాడు. మొగిలి కళ్లతోనే నల్లరాతిని చూపించి, కళ్లతోనే పైకి చూపించాడు. అన్న ముఖంలో అంత భయం వాడు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. గడ్డపార ఇసుకలో మెల్లగా పడుకోబెట్టాడు. సుత్తె మాత్రం అలవాటుకొద్దీ చేతిలోనే ఉండిపోయింది. ఒక అడుగు వేశారు.

పైన చంద్రమ్మ కుండతో తిరిగివచ్చింది. రొట్టె మీద కాకి వాలింది, మొగుడు లేడు. బావి దగ్గరికి వచ్చి, రోజూ పిలిచినట్టే పిలిచింది.

"ఓ వీరేశం! మీ అన్న గిట్ల దిగిండా?"

పాపం, ఆమెకేం తెలుసు! వీరేశం చెయ్యి దానంతటదే లేచింది. వాడు తలచుకుని చేసింది కాదు, ఎముకలు చేసిన పని. సుత్తె నల్లరాతి మీదికి పోతోంది. మాట చెప్పే సందు లేదు, చెయ్యి పట్టుకునే సందు లేదు. మొగిలి తన కుడి అరచేతిని రాతికి ఆనించాడు.

సుత్తె ఆ చేతి మీద పడింది.

మొగిలి కేక వేయలేదు. తలపాగా కొసను పళ్ల మధ్య కుక్కుకుని కళ్లు మూసుకున్నాడు. వేళ్లు ఎటువి అటు అయిపోయాయి. వీరేశం ఆ చేతిని చూసి, సుత్తెను చూసి, నోరు తెరిచాడు. అరుపు రాకముందే మొగిలి ఎడమ చేత్తో వాడి మెడ పట్టుకుని నిచ్చెన వైపు నెట్టాడు. పైన జవాబు రాక చంద్రమ్మ ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు వింటూ, మారు పలకకుండా, ఇద్దరూ నిచ్చెన ఎక్కారు. ఒంటిచేత్తో ఎక్కుతున్న అన్నను వీరేశం కిందినుంచి తలతో ఎత్తాడు. రాతి మెట్ల మీద కాలు పెట్టారో లేదో, వెనుక నల్లగోడ చప్పుడు లేకుండా ముందుకు వంగింది. ఆ తర్వాత చప్పుడైంది.

దుమ్ము తేలాక చూస్తే, వీరేశం గడ్డపారతో పీకిన చోట నల్లరాయి బోర్లా పడి ఉంది. దాని వెనుక చితికిన తెల్లబండలోంచి నీళ్లు, మొదట చెమటలా, తర్వాత ధారగా కారుతున్నాయి. పొద్దువాలే సరికి ఆ రాయి మునిగిపోయింది.

ఎముకలు కట్టే ఆయన వచ్చి, వెదురుబద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పూసి కట్టాడు. కట్టు విప్పాక చూస్తే వేళ్లు ముడుచుకునే ఉండిపోయాయి. ఆ చెయ్యి ఇక సుత్తె పట్టదని మొగిలికి కట్టు కట్టిన నాడే తెలుసు. చంద్రమ్మ మరిదిని ఒక్క మాట అనలేదు. "నేను పిలువకుంటే గిట్ల కాకపోవు" అని తనను తానే తిట్టుకుని ఏడ్చేది. వీరేశం నవ్వడం మానేశాడు.

నీళ్లు నిండాక లింగమూర్తి పటేలు బావికి పూజ చేయించాడు. బయట రజాకార్లు ఊళ్లు కాలుస్తుంటే ఈయనకు కొబ్బరికాయల సంబరం. తవ్వినవాళ్లలో పెద్ద మొదటి దోసిలి తాగాలని ఆనవాయితీ. పటేలు తానే చెంబు పట్టుకుని మొగిలి ముందుకు వచ్చాడు. మొగిలి ఎడమ చెయ్యి చాపాడు.

పటేలు చెంబు వెనక్కి తీసుకున్నాడు. "శుభమా అని గంగమ్మ వస్తే ఎడమ చెయ్యేందిరా? కుడి చెయ్యి వట్టు."

మొగిలి ముడుచుకున్న చేతిని కండువా కింద దాచుకుని తల వంచుకున్నాడు. ఆడవాళ్ల మధ్య నిలబడ్డ చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెనుకనుంచి వీరేశం లేచి వచ్చాడు. అన్న పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తన కుడిచేతిని అన్న గడ్డం కింద దోసిలిలా పట్టాడు.

"పోయుండ్రి పటేలా" అన్నాడు. "గిది మా అన్న చెయ్యే."

పటేలు చెంబు వంచి పోశాడు. మొగిలి వంగి ఆ చేతిలోంచే తాగాడు.